మోంటె కాసినో: నాలుగుసార్లు కూలిన మఠం, నిలిచిన నియమం

1.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు కింది విషయాలను వివరించగలుగుతారు.

• మోంటె కాసినో మఠం ఏ పరిస్థితుల్లో ఏర్పడింది
• బెనెడిక్ట్ నియమావళి యూరప్ అంతటా ఎందుకు వ్యాపించింది
• మఠం ఎన్నిసార్లు ధ్వంసమైంది, ప్రతిసారీ దాన్ని ఎవరు, ఎలా నిలబెట్టారు
• 1944 నాటి బాంబు దాడిని ఆధారాలతో ఎలా అంచనా వేయాలి
• నేటి మఠ జీవితం ఎదుర్కొంటున్న మార్పులు ఏమిటి

1.1 పరిచయం

ఇటలీలో రోమ్, నేపుల్స్ నగరాలకు దాదాపు మధ్యలో కాసినో అనే పట్టణం ఉంది. పట్టణాన్ని ఆనుకుని సుమారు 520 మీటర్ల ఎత్తున్న కొండ మీద ఒక పెద్ద క్రైస్తవ మఠం కనిపిస్తుంది. పొడవైన తెల్లని గోడలు, వరుస కిటికీలు, లోపల విశాలమైన ప్రాంగణాలు చూసినవారికి అది శతాబ్దాలుగా చెక్కుచెదరకుండా ఉన్నట్టు అనిపిస్తుంది. నిజానికి ఆ గోడల్లో అధిక భాగం రెండో ప్రపంచ యుద్ధం తరువాత కట్టినవే. అయినా ఆ మఠం చరిత్రను క్రీ.శ. 529 ప్రాంతం నుంచి లెక్కిస్తారు.

కట్టడం కొత్తదైతే మఠం పాతది ఎలా అవుతుంది? ఈ పాఠం మొత్తానికి ఇదే కీలకమైన ప్రశ్న. ఒక సంస్థ చరిత్రను దాని భవనాల చరిత్రగా చదవడం మనకు అలవాటు. మోంటె కాసినో విషయంలో ఆ పద్ధతి పనిచేయదు. ఈ మఠాన్ని నిలబెట్టినవి ముఖ్యంగా మూడు: ఒక నియమావళి, రాతపూర్వకమైన ఆధారాలు, తిరిగి రావాలని నిర్ణయించుకున్న మనుషులు. వాటికి రాజకీయ అధికారం అండ దొరికినప్పుడు మఠం మళ్లీ లేచింది. ఈ విషయాన్ని కాలక్రమంలో పరిశీలిద్దాం.

1.2 మఠం ఆవిర్భావం

పశ్చిమ రోమన్ సామ్రాజ్యం 476లో అంతరించింది. ఆ తరువాత ఇటలీని గోత్ జాతి రాజులు పాలించారు. 535లో తూర్పు రోమన్ చక్రవర్తి జస్టినియన్ ఇటలీని తిరిగి పొందడానికి యుద్ధం ప్రారంభించాడు. అది దాదాపు ఇరవై ఏళ్లు సాగి దేశాన్ని కుంగదీసింది. పట్టణాలు చిక్కిపోయాయి. ఈ అస్థిర కాలంలోనే బెనెడిక్ట్ జీవించాడు.

ఆయన 480 ప్రాంతంలో మధ్య ఇటలీలోని నర్సియాలో జన్మించాడు. చదువు కోసం రోమ్ వెళ్లి, అక్కడి జీవితం నచ్చక సుబియాకో వద్ద ఒక గుహలో ఏకాంతంగా గడిపాడు. క్రమంగా శిష్యులు చేరారు. 529 ప్రాంతంలో కొందరితో కలిసి మోంటె కాసినోకు వచ్చాడు. ఆ కొండ మీద అంతకు ముందు అపోలో దేవుని ఆలయం ఉండేదని, దాని స్థానంలోనే ప్రార్థనాలయం వెలసిందని సంప్రదాయం చెబుతుంది. బెనెడిక్ట్ 547 ప్రాంతంలో అక్కడే మరణించాడు. ఆయన సోదరి స్కొలాస్టికా కూడా సన్యాస జీవితం గడిపిందని, ఇద్దరినీ ఒకే చోట సమాధి చేశారని చెబుతారు.

ఈ వివరాలు మనకు ఎలా తెలిశాయి? బెనెడిక్ట్ జీవితం గురించి ప్రధాన ఆధారం ఒక్కటే. పోపు మొదటి గ్రెగరీ 593-594 ప్రాంతంలో, అంటే బెనెడిక్ట్ మరణించిన నాలుగు దశాబ్దాల తరువాత, రాసిన రచన అది. పాఠకుల్లో భక్తి పెంచడం ఆయన ఉద్దేశం. అందువల్ల అందులో అద్భుతాలు ఎక్కువ, తేదీలు తక్కువ. దాన్ని పూర్తిగా నమ్మనక్కరలేదు, పూర్తిగా తోసిపుచ్చనూ కూడదు. బెనెడిక్ట్ ఆలోచనను నేరుగా తెలుసుకోవాలంటే మరో ఆధారం ఉంది. అదే ఆయన పేరుతో నిలిచిన నియమావళి.

1.3 బెనెడిక్ట్ నియమావళి

ఈ నియమావళిలో ఒక ఉపోద్ఘాతం, 73 అధ్యాయాలు ఉన్నాయి. దాన్ని ఉన్నత తత్త్వగ్రంథంగా ఊహించుకుంటే పొరపాటు. అందులో ఎక్కువ భాగం ఒకే కప్పు కింద బతికే మనుషుల రోజువారీ వ్యవహారాల గురించే ఉంటుంది. ప్రార్థనలు ఎప్పుడు చేయాలి, ఎవరు వంట చేయాలి, ఆలస్యంగా వచ్చినవాడు ఎక్కడ నిలబడాలి, జబ్బుపడినవారిని ఎలా చూసుకోవాలి, అతిథిని ఎలా ఆదరించాలి వంటి విషయాలు అందులో కనిపిస్తాయి.

దాని ముఖ్య లక్షణాలు ఇవి.

మొదటిది, కాలవిభజన. రోజును ప్రార్థన, శారీరక శ్రమ, పఠనం అనే మూడు పనుల మధ్య పంచారు. పగలు ఏడుసార్లు, రాత్రి ఒకసారి ప్రార్థన జరగాలి. ఋతువును బట్టి పని వేళలు మారతాయి.

రెండవది, స్థిరత్వం. చేరిన సన్యాసి జీవితాంతం అదే సముదాయంలో ఉంటానని మాట ఇస్తాడు. ఊరూరా తిరిగే సన్యాసులను నియమావళి మెచ్చుకోదు.

మూడవది, ఉమ్మడి ఆస్తి. సన్యాసికి సొంతంగా పుస్తకం గానీ కలం గానీ ఉండకూడదు. మఠంలోని పనిముట్లను పూజాపాత్రలంత జాగ్రత్తగా చూడాలి.

నాలుగవది, అధికారం, సంప్రదింపు. మఠాధిపతి మాటకు అందరూ కట్టుబడాలి. అయితే ముఖ్యమైన విషయం వచ్చినప్పుడు ఆయన అందరినీ పిలిచి, చిన్నవారి అభిప్రాయం కూడా వినాలి. తుది నిర్ణయం మాత్రం ఆయనదే.

ఐదవది, మితం. కఠోర ఉపవాసాలకు బదులు అందరూ పాటించగల నడిమి మార్గాన్ని ఎంచుకున్నారు. ఇటలీ భోజనంలో ద్రాక్షసారా మామూలు కాబట్టి దాన్ని నిషేధించకుండా రోజుకు ఒక కొలత నిర్ణయించారు.

బెనెడిక్ట్ సన్యాసుల గురించి చెప్పేటప్పుడు ‘ప్రార్థించు, పనిచేయి’ అనే నినాదాన్ని తరచుగా ఉదహరిస్తారు. ఆ వాక్యం నియమావళిలో లేదు. చాలా తరువాతి కాలంలో ప్రచారంలోకి వచ్చింది. భావం దగ్గరగానే ఉన్నా, చరిత్ర విద్యార్థి మూలాన్ని, తరువాతి వ్యాఖ్యానాన్ని వేరుచేసి చూడాలి.

ఈ నియమావళి గురించి మరో సంగతి గమనించండి. అది ఒక కొండకో ఒక భవనానికో కట్టుబడినది కాదు. పుస్తకం ఒకటి, దాన్ని పాటించే పదిమంది ఉంటే ఎక్కడైనా అదే దినచర్యను ప్రారంభించవచ్చు. మఠం తరువాతి చరిత్రకు ఇది ఎంత అవసరమైందో ఇప్పుడు చూద్దాం.

1.4 మొదటి ధ్వంసం, పునరుద్ధరణ

568లో లంబార్డులు ఇటలీలో ప్రవేశించారు. 6వ శతాబ్దం చివరి పాదంలో వారు మోంటె కాసినో మీద రాత్రివేళ దాడి చేసి కొల్లగొట్టారు. సన్యాసులు ప్రాణాలతో బయటపడి రోమ్ చేరారు. వారు వెంట తీసుకుపోయిన వస్తువులను 8వ శతాబ్దపు చరిత్రకారుడు పాల్ ది డీకన్ పేర్కొన్నాడు. నియమావళి ప్రతి, మరికొన్ని రాతప్రతులు, రొట్టెను తూచే బరువు, ద్రాక్షసారాను కొలిచే పాత్ర. పాల్ స్వయంగా ఈ మఠంలో నివసించిన సన్యాసి. సంఘటన జరిగిన దాదాపు రెండు వందల ఏళ్లకు రాశాడు కాబట్టి ప్రతి వివరమూ కచ్చితమని చెప్పలేం. అయితే మఠవాసులు తమ వారసత్వంగా దేన్ని భావించారో ఈ జాబితా స్పష్టం చేస్తుంది. నియమం రాసి ఉన్న పుస్తకం, ఆ నియమాన్ని అమలు చేసే కొలతలు చేతిలో ఉంటే మఠం బతికున్నట్టే.

ఆ తరువాత శతాబ్దానికి పైగా కొండ దాదాపు ఖాళీగా ఉంది. 718 ప్రాంతంలో బ్రెషా పట్టణానికి చెందిన పెట్రొనాక్స్ పోపు రెండో గ్రెగరీ ప్రోత్సాహంతో అక్కడ మఠాన్ని తిరిగి నెలకొల్పాడు. ఇంగ్లాండు నుంచి వచ్చిన విల్లిబాల్డ్ వంటి సన్యాసులు అక్కడ ఏళ్లపాటు గడిపారు. మఠం కీర్తి ఇటలీ సరిహద్దులు దాటింది.

1.5 నియమావళి వ్యాప్తి

787లో ఫ్రాంకుల రాజు షార్లమేన్ మోంటె కాసినోను సందర్శించాడు. తన రాజ్యంలోని మఠాలు తలా ఒక పద్ధతిని పాటించడం ఆయనకు నచ్చలేదు. బెనెడిక్ట్ నియమావళికి నమ్మదగిన ప్రతి పంపమని కోరగా, మఠం పంపింది. ఆ ప్రతి ఆధారంగా వచ్చిన ఒక ప్రతి నేటికీ స్విట్జర్లాండులోని సెయింట్ గాల్ గ్రంథాలయంలో ఉంది. షార్లమేన్ కుమారుడు లూయీ కాలంలో, 816-817 సంవత్సరాల్లో జరిగిన సభలు సామ్రాజ్యంలోని మఠాలన్నిటికీ బెనెడిక్ట్ నియమావళినే ప్రమాణంగా నిర్ణయించాయి.

ఇక్కడ కారణాలను జాగ్రత్తగా చూడాలి. నియమావళి మితంగా, ఆచరణయోగ్యంగా ఉండటం ఒక కారణం. రాజ్యానికి ఏకరూపత కావలసి రావడం మరో కారణం. ఒక మంచి గ్రంథం తనంతట తానే వ్యాపించిందనడం సగం నిజం మాత్రమే.

1.6 రెండవ ధ్వంసం, భూముల వివాదం

883లో దక్షిణ ఇటలీలో స్థావరాలు ఏర్పరచుకున్న అరబ్బు సైనికులు మఠాన్ని తగులబెట్టారు. మఠాధిపతి బెర్తారియస్ హతుడయ్యాడు. మిగిలిన సన్యాసులు మొదట తియానోలో, తరువాత కపువాలో తలదాచుకున్నారు. తియానోలో జరిగిన అగ్నిప్రమాదంలో బెనెడిక్ట్ స్వయంగా రాసినదని భావించే నియమావళి మూలప్రతి కాలిపోయిందని మఠ చరిత్ర చెబుతుంది. అప్పటికే ప్రతులు యూరప్ అంతటా ఉన్నందువల్ల గ్రంథం మాత్రం నశించలేదు.

10వ శతాబ్దం మధ్యలో మఠాధిపతి అలిగెర్నస్ నాయకత్వంలో సన్యాసులు కొండకు తిరిగి వచ్చారు. ఆరు దశాబ్దాలకు పైగా యజమాని లేని పొలాలను ఈలోగా ఇతరులు ఆక్రమించారు. వాటిని రాబట్టుకోవడానికి మఠం న్యాయస్థానాలను ఆశ్రయించింది. 960 మార్చిలో కపువాలో అలాంటి ఒక వివాదం విచారణకు వచ్చింది. అక్వినోకు చెందిన రొదెల్‌గ్రిమో కొన్ని భూములు తన వారసత్వమన్నాడు. ఆ భూములు ముప్పై ఏళ్లుగా మఠం అనుభవంలో ఉన్నాయని సాక్షులు ప్రమాణం చేశారు. తీర్పు లాటిన్‌లో రాసినా, సాక్షుల ప్రమాణాన్ని మాత్రం జనం మాట్లాడే భాషలోనే నమోదు చేశారు. ఇటాలియన్ భాషకు లభించిన తొలి లిఖిత ఆధారాల్లో ఇది ఒకటి.

సాహిత్యం కోసమో మతప్రచారం కోసమో ఈ వాక్యం రాయలేదు. పొలం ఎవరిదో తేల్చడానికి రాశారు. మఠం ఒక ఆధ్యాత్మిక సముదాయమే కాదు, పెద్ద భూస్వామి కూడా అని ఇది గుర్తు చేస్తుంది. చుట్టుపక్కల గ్రామాల మీద దానికి ప్రభువు హక్కులు ఉండేవి. ఆ పొలాల్లో శ్రమించిన రైతులు చెల్లించిన పంటభాగాలు, పన్నులు లేకుండా ఆ గ్రంథాలయాన్ని గానీ చర్చిని గానీ ఊహించలేం. అయితే మఠం దస్తావేజుల్లో వారి పేర్లు కనిపించేది ఎక్కువగా బాకీదారులుగా, కౌలుదారులుగా, సాక్షులుగానే.

1.7 వైభవ యుగం: డెసిడేరియస్ కాలం

1058 నుంచి 1087 వరకు డెసిడేరియస్ మఠాధిపతిగా ఉన్నాడు. దక్షిణ ఇటలీలో కొత్తగా బలపడిన నార్మన్ ప్రభువులతో మైత్రి నెరపి, వారి దానాలతో మఠాన్ని విస్తరించాడు. ఆయన కట్టించిన చర్చిని 1071లో పోపు రెండో అలెగ్జాండర్ ప్రతిష్ఠించాడు. దాని అలంకరణ కోసం కాన్‌స్టాంటినోపుల్ నుంచి మొజాయిక్ కళాకారులను రప్పించారు. డెసిడేరియస్ తన చివరి రోజుల్లో మూడో విక్టర్ పేరుతో పోపు అయ్యాడు.

ఈ కాలంలో మఠంలోని లేఖనశాల రెండు విధాలుగా ప్రపంచ చరిత్రకు మేలు చేసింది. ఒకటి, ప్రాచీన రోమన్ గ్రంథాలకు ప్రతులు తీయడం. రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాసిన ‘ఆనల్స్’లో 11 నుంచి 16 వరకు గల భాగాలు, ‘హిస్టరీస్’లో మిగిలిన భాగాలు నేడు మనకు లభిస్తున్నాయంటే అందుకు కారణం 11వ శతాబ్దంలో ఇక్కడ రాసిన ఒకే ఒక్క ప్రతి. ఇప్పుడది ఫ్లారెన్స్ గ్రంథాలయంలో ఉంది. నీరో చక్రవర్తి పాలన గురించి మనం చదివే దాంట్లో ఎంతో భాగం ఈ ప్రతి చలవే.

రెండు, వైద్య గ్రంథాల అనువాదం. ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చిన కాన్‌స్టాంటైన్ ఈ మఠంలో సన్యాసిగా చేరి అరబిక్ వైద్య గ్రంథాలను లాటిన్‌లోకి తెచ్చాడు. యూరప్ వైద్యవిద్యకు అవి చాలాకాలం పాఠ్యగ్రంథాలయ్యాయి. అరబ్బు సైనికులు కాల్చిన మఠమే రెండు శతాబ్దాల తరువాత అరబ్బు విజ్ఞానాన్ని యూరప్‌కు అందించింది. చరిత్రను మతాల మధ్య నిరంతర యుద్ధంగా చూసేవారికి ఈ ఉదాహరణ చూపించాలి.

1.8 భూకంపం నుంచి జాతీయ స్మారకం వరకు

1349లో వచ్చిన భూకంపం డెసిడేరియస్ నాటి కట్టడాలను చాలావరకు కూల్చింది. ఇది మూడవ ధ్వంసం. మళ్లీ నిర్మాణం జరిగింది. తరువాతి శతాబ్దాల్లో కొత్త శైలిలో ప్రాంగణాలు, చర్చి రూపుదిద్దుకున్నాయి.

ఆధునిక యుగంలో ప్రమాదం చట్టం రూపంలో వచ్చింది. ఏకమైన ఇటలీ ప్రభుత్వం 1866లో సన్యాస సంఘాల ఆస్తులను స్వాధీనం చేసుకుంది. మోంటె కాసినోను జాతీయ స్మారకంగా ప్రకటించింది. సన్యాసులు అక్కడే ఉండిపోయారు గానీ, యజమానులుగా కాదు. గ్రంథాలయానికి, దస్తావేజులకు సంరక్షకులుగా మిగిలారు. భూస్వామ్య మఠం అక్కడితో ముగిసింది.

1.9 1944: నాలుగవ ధ్వంసం

1943 చివర మిత్రపక్ష సైన్యాలు నేపుల్స్ నుంచి రోమ్ వైపు కదిలాయి. రోమ్‌కు పోయే ప్రధాన మార్గం కాసినో కొండ పక్కనుంచి సాగుతుంది. జర్మన్లు ఆ ప్రాంతంలో గుస్తావ్ రేఖ పేరుతో బలమైన రక్షణ ఏర్పాటు చేశారు. కొండ వాలుల మీద వారి స్థానాలు ఉన్నాయి.

ముప్పును గ్రహించిన జర్మన్ సైనికాధికారులు యూలియస్ ష్లేగెల్, మాక్సిమిలియన్ బెకర్ 1943 శరదృతువులోనే మఠాధిపతి గ్రెగోరియో దియమారేను ఒప్పించి రాతప్రతులను, దస్తావేజులను లారీల్లో రోమ్‌కు తరలించే ఏర్పాటు చేశారు. అక్కడ దాచిన నేపుల్స్ మ్యూజియం పెట్టెలు కొన్ని మాత్రం జర్మనీకి చేరి, యుద్ధం తరువాత తిరిగి వచ్చాయి.

1944 ఫిబ్రవరిలో దాడి బాధ్యత న్యూజీలాండ్ జనరల్ ఫ్రేబర్గ్ ఆధ్వర్యంలోని దళానికి వచ్చింది. అందులో 4వ భారత డివిజన్ ఒకటి. కొండ ఎక్కాల్సింది ఆ సైనికులే. డివిజన్ అధిపతి జనరల్ టకర్, మఠం నిర్మాణం గురించి తగిన సమాచారం తనకు అందలేదని ఆగ్రహించి, నేపుల్స్ పుస్తక దుకాణాల్లో వెతికించి 1879 నాటి పుస్తకం ఒకటి సంపాదించాడు. గోడల మందం చూశాక, శత్రువు లోపల ఉన్నా లేకున్నా దాడి మొదలైతే ఆ కోట వారికే ఆశ్రయమవుతుందని, కాబట్టి దాన్ని పడగొట్టాలని లేదా కొండను చుట్టి వెళ్లాలని వాదించాడు. అమెరికన్ జనరల్ క్లార్క్ దాడిని వ్యతిరేకించాడు. బ్రిటిష్ జనరల్ అలెగ్జాండర్ అనుమతించాడు.

ఫిబ్రవరి 15న రెండు వందలకు పైగా బాంబర్లు మఠాన్ని నేలమట్టం చేశాయి. ముందురోజు హెచ్చరిక కరపత్రాలు విసిరినా, లోపల తలదాచుకున్న వందలాది గ్రామస్థులు బయటపడలేకపోయారు. వారిలో చాలామంది మరణించారు. దాదాపు ఎనభై ఏళ్ల మఠాధిపతి బతికినవారిని వెంటబెట్టుకుని కొండ దిగాడు. లోపల జర్మన్ సైనికులు లేరని ఆయన వాంగ్మూలం ఇచ్చాడు. తరువాత సైనిక చరిత్రకారుల పరిశోధన కూడా బాంబు దాడికి ముందు మఠం లోపల జర్మన్ సేన లేదనే తేల్చింది.

సైనికంగా కూడా దాడి ఫలించలేదు. పదాతి దళపు ప్రధాన దాడి 17వ తేదీ రాత్రికి గానీ మొదలు కాలేదు. ఈలోగా జర్మన్ పారాచూట్ సైనికులు శిథిలాల్లోనే చేరి వాటిని కోటగా మార్చుకున్నారు. మే 18న పోలండ్ సైనికులు శిథిలాలను చేరుకునే వరకు పోరు సాగింది.

ఈ యుద్ధంలో దక్షిణ భారతీయుల పాత్ర కూడా ఉంది. దారులు వేయడం, మందుపాతరలు తొలగించడం వంటి పనుల్లో మద్రాస్ సాపర్స్ దళాలు పాల్గొన్నాయి. అప్పటి మద్రాస్ రాష్ట్రంలో నేటి ఆంధ్ర జిల్లాలు కూడా భాగం. ఆ దళానికి చెందిన సుబేదార్ సుబ్రమణ్యన్ ఫిబ్రవరి 24న, కాసినోకు దగ్గరలోని మిన్యానో వద్ద, తోటివారిని కాపాడటానికి పేలబోతున్న మందుపాతర మీద పడుకుని ప్రాణాలు అర్పించాడు. మరణానంతరం ఆయనకు జార్జ్ క్రాస్ లభించింది. కాసినోలోని కామన్వెల్త్ సమాధుల స్థలంలో 4,000 మందికి పైగా సైనికులను స్మరిస్తారు. వారిలో భారతీయులు కూడా ఉన్నారు.

ఈ ఘటనను అంచనా వేసేటప్పుడు రెండు విషయాలను కలిపి చూడాలి. ఆ రోజు నిర్ణయం తీసుకున్నవారికి తరువాత తెలిసినవన్నీ తెలియవు. పై నుంచి తమను ఎవరో చూస్తున్నారన్న భయం కొండ కింది సైనికుల్లో నిజమైనదే. అంతమాత్రాన నిర్ణయం సరైనదైపోదు. సాక్ష్యం బలహీనంగా ఉంది, దాడుల మధ్య సమన్వయం లేదు, మరణించినవారిలో చాలామంది నిరాయుధులు. నిర్ణయాన్ని అర్థం చేసుకోవడం వేరు, సమర్థించడం వేరు. ఈ యుద్ధంలో జరిగిన ఇలాంటి నష్టాల నేపథ్యంలోనే 1954లో హేగ్ నగరంలో సాంస్కృతిక సంపద రక్షణ ఒప్పందం కుదిరింది.

1.10 పునర్నిర్మాణం, నేటి జీవితం

యుద్ధం తరువాత మఠాన్ని పూర్వరూపంలోనే, అదే స్థలంలో కట్టాలని నిర్ణయించారు. ఖర్చు ఇటలీ ప్రభుత్వం భరించింది. 1964 అక్టోబర్ 24న పోపు ఆరో పాల్ కొత్త చర్చిని ప్రతిష్ఠించి, బెనెడిక్ట్‌ను యూరప్ రక్షక సెయింట్‌గా ప్రకటించాడు. తరలించిన రాతప్రతులు కొండకు తిరిగి చేరాయి. 960 నాటి ప్రమాణపత్రం కూడా వాటిలో ఉంది. గోడలు కొత్తవి, కాగితాలు పాతవి.

నేడు అక్కడ చిన్న సన్యాసి సముదాయం నివసిస్తోంది. ఉదయం, సాయంత్రం ప్రార్థనలు గానం చేస్తారు. గ్రంథాలయం, మ్యూజియం, అతిథుల ఆదరణ, పరిశోధకులకు సహాయం వారి పనులు. యాత్రికులు, పర్యాటకులు, యుద్ధంలో మరణించినవారి కుటుంబాలు వస్తుంటారు. కింది పట్టణంలో విశ్వవిద్యాలయం ఉంది. శతాబ్దాలుగా చుట్టుపక్కల చర్చిల మీద మఠాధిపతికి ఉన్న మతపాలనాధికారం 2014లో పొరుగు బిషప్ పరిధిలోకి మారింది. ఇప్పుడు ఆయన అధికారం మఠం వరకే.

ఇప్పటి సమస్య అగ్ని, భూకంపం వంటిది కాదు. యూరప్‌లో సన్యాసం స్వీకరించేవారి సంఖ్య బాగా తగ్గింది. కూలిన గోడను ప్రభుత్వం డబ్బుతో కట్టవచ్చు. నియమాన్ని రోజూ పాటించే మనుషులను ఏ ప్రభుత్వమూ తయారు చేయలేదు. వారు లేకపోతే మఠం మంచి మ్యూజియంగా మిగలవచ్చు గానీ, బెనెడిక్ట్ ఉద్దేశించిన అర్థంలో మఠం కాదు. గత నాలుగు ధ్వంసాల్లో గోడలు పోయి మనుషులు మిగిలారు. రాబోయే కాలంలో గోడలు మిగిలి మనుషులు లేకుండా పోయే అవకాశం ఉంది.

1.11 సారాంశం

మోంటె కాసినో లంబార్డుల చేతిలో, 883లో, 1349లో, 1944లో ధ్వంసమైంది. ప్రతిసారీ నియమావళి, రాతప్రతులు, తిరిగి వచ్చిన మనుషులు, వారికి లభించిన రాజకీయ ఆర్థిక అండ కలిసి దాన్ని నిలబెట్టాయి. ప్రాచీన గ్రంథాలను, అరబిక్ వైద్యాన్ని యూరప్‌కు అందించిన ఈ సంస్థే రైతుల శ్రమ మీద ఆధారపడిన భూస్వామి కూడా. సంస్థల కొనసాగింపును పరిశీలించేటప్పుడు ఏది మారింది, ఏది నిలిచింది, దాన్ని ఎవరు నిలబెట్టారు అనే మూడు ప్రశ్నలు వేయాలి.

1.12 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. బెనెడిక్ట్ జీవితానికి ఉన్న ప్రధాన ఆధారం ఏది? దాన్ని ఉపయోగించేటప్పుడు ఏ జాగ్రత్తలు అవసరం?
2. షార్లమేన్ నియమావళి ప్రతిని ఎందుకు కోరాడు?
3. 960 నాటి కపువా విచారణ భాషా చరిత్రకు, సామాజిక చరిత్రకు ఎలా ఉపయోగపడుతుంది?
4. 1944 ఫిబ్రవరి 15 నాటి బాంబు దాడి సమర్థనీయమా? ఇరుపక్షాల వాదనలను పరిశీలించి మీ అభిప్రాయం రాయండి.
5. మీ ప్రాంతంలోని ఒక పాత ఆలయం, మసీదు, చర్చి లేదా పాఠశాలను ఎంచుకోండి. దాని కట్టడం ఎంత పాతది, సంస్థ ఎంత పాతది అనే తేడాను ఆధారాలతో ఒక పేజీలో వివరించండి.